నిఫ్టీలోకి వస్తే షేరు పెరుగుతుందా, తీసేస్తే పడిపోతుందా? ఇండెక్స్ ఫండ్ల కొనుగోళ్ల మీద చర్చ

మియాపూర్ చివరి స్టేషన్
11 అక్టోబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా మా ఇంట్లో నలుగుతున్న విషయం ఇది. ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారని రాస్తున్నాను.

నాన్న రిటైర్ అయ్యాక వచ్చిన డబ్బులో కొంత పెట్టి 30 దివీస్ షేర్లు కొన్నారు. హైదరాబాద్ కంపెనీ, మందుల ముడిసరుకు తయారీ, అప్పు పెద్దగా లేదు. అంతవరకే చూసి కొన్నారు. 2024 ఆగస్టు 23న ప్రకటన వచ్చింది. యాభై పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ 50 నుంచి దివీస్, ఎల్‌టీఐమైండ్‌ట్రీ బయటికి, ట్రెంట్, భారత్ ఎలక్ట్రానిక్స్ లోపలికి, సెప్టెంబర్ 30 నుంచి అమలు. నేను అప్పట్లో ఒక టెలిగ్రామ్ గ్రూపులో ఉండేవాణ్ణి. "ఇండెక్స్ ఫండ్లన్నీ నెలాఖరుకి దివీస్‌ని అమ్మి తీరాలి, ట్రెంట్‌ని కొని తీరాలి, ఇంతకంటే ఖాయమైన డబ్బు ఉండదు" అని అందులో మెసేజ్. (ఇండెక్స్ ఫండ్ అంటే సూచీలో ఏ షేర్లుంటే వాటినే కొని ఉంచుకునే మ్యూచువల్ ఫండ్.) చదివి నాన్నకి నేనే చెప్పాను. ఆయన టెన్షన్ పడి 5000 పైచిలుకు ధరకి మొత్తం అమ్మేశారు. ఆ డబ్బుతో సెప్టెంబర్ చివర్లో ట్రెంట్ కొన్నారు, 7500 పైన.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. ట్రెంట్ అక్టోబర్ మధ్యలో 8300 దాటింది, మా ఇంట్లో పండగే. 2025 ఏప్రిల్‌కల్లా 4500 దాకా జారిపోయింది. ఇప్పటికీ 5000 లోపే ఉంది. దివీస్ మాత్రం నిఫ్టీ నుంచి పోయిన కొన్ని నెలలకే 6000 దాటింది.

నాన్న ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. నాకు తెలియాల్సింది ఒక్కటే. వేల కోట్ల ఇండెక్స్ ఫండ్లు కొన్నది పడిపోయి, అమ్మింది పెరగడం ఎలా జరిగింది? అసలు ఇండెక్స్ ఫండ్ల కొనుగోలు షేరు ధరని నడిపిస్తుందా, లేదా?

బేగంపేట బ్రిడ్జి
11 అక్టోబర్, రాత్రి 10:25

తమ్ముడూ, ముందు ఒక చిన్న దిద్దుబాటు. సెప్టెంబర్ 30 నుంచి అమలు అంటే ఫండ్లు 30న కొంటాయని కాదు. 30 పొద్దున మార్కెట్ తెరిచేసరికి కొత్త జాబితా లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకని అంతకు ముందరి ట్రేడింగ్ రోజు ముగిసేలోపే షేర్లు చేతిలో ఉండాలి. 2024లో అది సెప్టెంబర్ 27, శుక్రవారం. మొన్న ఇండిగో, మ్యాక్స్ హెల్త్‌కేర్ వచ్చి హీరో మోటోకార్ప్, ఇండస్ఇండ్ బ్యాంక్ పోయినప్పుడు 29, సోమవారం.

నేను ముంబైలో ఒక ఫండ్ హౌస్ డీలింగ్ రూంలో ఆరేళ్లు పనిచేసి వచ్చాను కాబట్టి ఆ రోజు ఎలా ఉంటుందో చెప్తాను. మన దగ్గర ముగింపు ధర అంటే చివరి ట్రేడు ధర కాదు. 3 గంటల నుంచి 3:30 దాకా జరిగిన లావాదేవీలన్నిటి సగటు, ఎన్ని షేర్లు ఏ ధరకి చేతులు మారాయో చూసి తీసే సగటు. సూచీ కొత్త షేరుని ఆ ధరకే తీసుకున్నట్టు లెక్క. అందుకే ఫండ్ కూడా ఆ అరగంటలోనే కొంటుంది. పొద్దున 50 రూపాయలు తక్కువకి దొరుకుతున్నా ఆగుతుంది. తక్కువకి కొన్నా అది సూచీకి తేడాయే, ఎక్కువకి కొన్నా తేడాయే.

ఆ రోజు 2:45కే ఫోన్లు డ్రాయర్లో పెట్టేసేవాళ్లం. ఆర్డర్లన్నీ ఉండే బాస్కెట్ ఫైలుని ఇద్దరు విడివిడిగా చూడాలి. ఒకరు షేర్ల సంఖ్య, ఇంకొకరు కొనాలా అమ్మాలా అన్న గడి. ఒకసారి 2:52కి ఒక వరుసలో 'కొను' ఉండాల్సిన చోట 'అమ్ము' అని కనపడింది. దిద్ది, మళ్లీ ఇద్దరం చూసి, మళ్లీ ఎక్కించేసరికి 2:58. ఆ ఆరు నిమిషాలు నా గుండె చప్పుడు నాకే వినపడింది. తర్వాత అరగంట ఆర్డర్‌ని ముక్కలు ముక్కలుగా వదులుతూ కూర్చోవడమే. ఎవరూ మాట్లాడరు. 3:30కి చేతులు మారిన షేర్ల పరిమాణం చూస్తే మామూలు రోజుకి ఎన్నో రెట్లు ఉండేది. ధర మాత్రం చాలాసార్లు పెద్దగా కదిలేది కాదు.

ఎందుకు కదల్లేదంటే, మాకు అమ్మేవాళ్లు అవతల సిద్ధంగా ఉంటారు. ప్రకటనకీ అమలుకీ మధ్య నాలుగు వారాల పైనే గడువు. ప్రకటన రాగానే, ఇంకా చెప్పాలంటే రాకముందే, లెక్కలు వేసి కొని పెట్టుకున్నవాళ్లు ఆ చివరి అరగంట కోసమే ఎదురుచూస్తుంటారు. మీ గ్రూపులో చెప్పింది సగం నిజం. ఫండ్లు కొని తీరాలి, అది నిజమే. ఆ సంగతి మీకంటే ముందు తెలిసినవాళ్ల దగ్గర సరుకు రెడీగా ఉందన్నది చెప్పని సగం.

కేపీహెచ్‌బీ ఆరో ఫేజ్
11 అక్టోబర్, రాత్రి 10:51

అన్నా, నాకు షేర్లు లేవు. నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో నెలకి 5000 సిప్ మాత్రం ఐదేళ్లుగా కడుతున్నాను. మీరు చెప్పింది చదివాక ఒక డౌట్ వచ్చింది. ఆ నాలుగు వారాల్లో వాళ్లు ముందే కొని ధర పెంచేస్తే, పెరిగిన ధర పెట్టి కొంటున్నది నా ఫండే కదా. అంటే ఆ డబ్బు నేను కడుతున్నట్టేనా?

బేగంపేట బ్రిడ్జి
11 అక్టోబర్, రాత్రి 11:02

అవునమ్మా, మీరే కడుతున్నారు. పైగా అది ఏ నివేదికలోనూ కనపడదు. ట్రాకింగ్ ఎర్రర్ అంటే సూచీకీ ఫండ్‌కీ ఉన్న తేడా. ఇక్కడ సూచీ కూడా ఆ పెరిగిన ముగింపు ధరకే కొన్నట్టు లెక్క కాబట్టి ఇద్దరూ ఒకేలా నష్టపోతారు, తేడా సున్నా. ఫండ్ మేనేజర్‌కి మంచి మార్కులే పడతాయి. ఈ సంగతి బయట ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నాను.

వనస్థలిపురం లెక్కల సార్
12 అక్టోబర్, ఉదయం 6:15

కేపీహెచ్‌బీ అమ్మాయి భయపడకూడదని లెక్క వేస్తున్నాను. నిఫ్టీలోకి కొత్తగా వచ్చే కంపెనీ వెయిటేజీ, అంటే సూచీలో దాని వాటా, మామూలుగా 1 శాతం చుట్టూ ఉంటుంది. ఆ షేరు ముందస్తు కొనుగోళ్ల వల్ల 5 శాతం ఎక్కువ పలికింది అనుకుందాం. 1 శాతంలో 5 శాతం అంటే 0.05 శాతం. మీ ఫండ్‌లో లక్ష ఉంటే 50 రూపాయలు. ఏడాదికి రెండు సార్లు, ఒక్కోసారి రెండు మూడు కంపెనీలు. ఖర్చే, కాదనను. కానీ దాని కోసం సిప్ ఆపేసుకునేంత కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. చాలామంది చదువుకున్నవాళ్లు కూడా పొరబడే చోటు ఒకటుంది. "షేరు పెరిగితే వెయిటేజీ పెరుగుతుంది, వెయిటేజీ పెరిగితే ఫండ్లు ఇంకా కొనాలి, కొంటే ఇంకా పెరుగుతుంది, ఇదొక సుడిగుండం" అంటుంటారు. మా స్టాఫ్‌రూంలో కూడా ఇదే మాట. కాగితం తీసుకోండి.

రెండే కంపెనీలున్న సూచీ. మొదటిదాని విలువ 800 కోట్లు, రెండోది 200 కోట్లు. ఇవి ప్రమోటర్ల, అంటే కంపెనీ యజమానుల, వాటా తీసేసి, బయట చేతులు మారే షేర్ల విలువలు, అంటే ఫ్రీ ఫ్లోట్. నిఫ్టీ 2009 నుంచి ఈ పద్ధతిలోనే నడుస్తోంది. ఫండ్‌కి 10 కోట్లు వచ్చాయి. 8 కోట్లు మొదటిదానికి, 2 కోట్లు రెండోదానికి. ఇప్పుడు రెండో కంపెనీ షేరు రెట్టింపైంది. దాని విలువ 400, మొత్తం 1200, అంటే దాని వెయిటేజీ మూడో వంతు. ఫండ్ చేతిలో ఏముంది? 8 కోట్లు, 4 కోట్లు. మొత్తం 12లో 4 అంటే మూడో వంతే. ఫండ్ ఒక్క షేరు కూడా కొనలేదు, అయినా లెక్క సరిపోయింది. ధర పెరిగినందుకు ఇండెక్స్ ఫండ్ కొనాల్సిన పని లేదు. సుడిగుండం లేదు.

ఇంకోటి చూడండి. 8 కోట్లు 800లో 1 శాతం. 2 కోట్లు 200లో 1 శాతం. పెద్ద కంపెనీకి ఎక్కువ రూపాయలు పోతున్నా, ఆ కంపెనీ సైజుని బట్టి చూస్తే ఒత్తిడి సమానమే. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుకి మన సిప్‌లో ఎనిమిదో వంతు వెళ్తోంది కాబట్టి అది ఎప్పటికీ పెరుగుతూనే ఉండాలన్న వాదన ఇక్కడే ఆగిపోతుంది.

ఫండ్ కొత్త డబ్బు రాకుండా కూడా నిజంగా కొనాల్సి వచ్చేది ఎప్పుడంటే, జాబితా మారినప్పుడు, లేదా ప్రమోటర్ తన వాటా బయటివాళ్లకి అమ్మడం వల్ల ఫ్రీ ఫ్లోట్ పెరిగినప్పుడు.

నానక్‌రామ్‌గూడ నైట్ షిఫ్ట్
12 అక్టోబర్, మధ్యాహ్నం 12:30

సార్, లెక్క కరెక్టే కానీ మీరు విడివిడి షేర్ల మధ్య తేడా గురించి చెప్పారు. మొత్తం మార్కెట్ మాటేంటి? నేను పెట్టుబడుల పరిశోధన పనిలోనే ఉన్నాను, దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది.

పది కోట్లూ వచ్చి రెండు కంపెనీల్లో తలా 1 శాతం షేర్లు పట్టుకుపోయాయి. ఆ షేర్లు ఇక బయటికి రావు. ధర ఎక్కువైందని ఇండెక్స్ ఫండ్ అమ్మదు, తక్కువైందని ఎక్కువ కొనదు. దానికి ధర మీద అభిప్రాయమే లేదు. ఆర్థికశాస్త్రంలో ఈమధ్య వచ్చిన పెద్ద పరిశోధన ఒకటి, షేర్లలోకి కొత్తగా 1 డాలర్ వస్తే మొత్తం మార్కెట్ విలువ 5 డాలర్ల దాకా పెరగొచ్చని అంచనా వేసింది. అంత ఉంటుందా అని వాదించేవాళ్లున్నారు. కానీ ప్రభావం ఉందన్న దిశ సరైనదే అని నా నమ్మకం.

మన అనుభవమే చూడండి. నిఫ్టీ 26,277 అనే గరిష్ఠాన్ని తాకింది 2024 సెప్టెంబర్ 27న. మియాపూర్ బ్రదర్, గమనించారా, ఫండ్లు ట్రెంట్‌ని కొన్నది సరిగ్గా అదే రోజు. ఆ తర్వాత అక్టోబర్ ఒక్క నెలలోనే విదేశీ సంస్థలు 90 వేల కోట్లకి పైగా షేర్లు అమ్మాయి. పాత రోజుల్లో అంత అమ్మకానికి మార్కెట్ కుప్పకూలేది. ఈసారి 22 వేల దగ్గర నిలబడింది. నెలనెలా 25 వేల కోట్ల పైన వచ్చే సిప్ డబ్బు కింద చెయ్యి పట్టింది. దాన్ని ప్రభావం కాదంటే ఎలా?

వనస్థలిపురం లెక్కల సార్
12 అక్టోబర్, మధ్యాహ్నం 1:40

బాబూ, సిప్ డబ్బు పట్టుకుందన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ సిప్‌లో ఎక్కువ భాగం వెళ్లేది షేర్లని మేనేజరే ఎంచుకునే మామూలు యాక్టివ్ ఫండ్లకి. ఇండెక్స్ ఫండ్లదని రాయకండి. మన మ్యూచువల్ ఫండ్ల మొత్తం ఆస్తుల్లో పాసివ్, అంటే సూచీని అనుసరించే ఫండ్ల, వాటా ఆరో వంతు చుట్టూ. మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి మన లిస్టెడ్ కంపెనీల్లో పదో వంతు చుట్టూ. పదిలో ఆరో వంతు వేస్తే 2 శాతం కూడా రాదు. సగం షేర్లు ప్రమోటర్ల దగ్గరే ఉన్న దేశం మనది. అమెరికాలో 2023 చివరికి ఇండెక్స్ ఫండ్ల ఆస్తులు యాక్టివ్ ఫండ్లని దాటిపోయాయి. అక్కడి వాదనని తెచ్చి ఇక్కడ అతికించొద్దు.

నానక్‌రామ్‌గూడ నైట్ షిఫ్ట్
12 అక్టోబర్, మధ్యాహ్నం 2:05

సిప్ విషయంలో మీ దిద్దుబాటు ఒప్పుకుంటున్నాను సార్, నేను రెండూ కలిపేశాను. కానీ 2 శాతం అన్న లెక్కలో విదేశీ పాసివ్ డబ్బు లేదు. 2024 జులైలో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో విదేశీ వాటా 55 శాతం కిందికి వచ్చిందని తెలియగానే, విదేశీయులు ఇంకా కొనడానికి చోటు దొరికింది, ఇక విదేశీ ఫండ్లు అనుసరించే ఎంఎస్‌సీఐ సూచీల్లో వెయిటేజీ పెరుగుతుందని షేరు రికార్డు ధరకి ఎగిరింది. ఆగస్టులో ఎంఎస్‌సీఐ రెండు దఫాలుగా పెంచుతామంది. ఒకేసారి వస్తుందనుకున్న డబ్బు వాయిదా పడిందని షేరు తగ్గింది. వచ్చింది మంచి వార్తే, అయినా పడింది. ధర నడిచేది ఫండ్ కొన్న రోజున కాదు, కొంటుందని జనం ఊహ కట్టుకున్న రోజున. బేగంపేట అన్న చెప్పినదీ ఇదే.

మోడరేటర్
12 అక్టోబర్, మధ్యాహ్నం 2:20

చర్చ బాగుంది. ఫలానా షేరు కొనండి, అమ్మండి అన్న సలహాలు మాత్రం వద్దు. అలాంటి రెండు పోస్టులు తీసేశాను.

కేపీహెచ్‌బీ ఆరో ఫేజ్
12 అక్టోబర్, మధ్యాహ్నం 3:10

నాకు ఇంకో విషయం గుర్తొచ్చింది. 2023లో ఒకసారి నా ఫండ్ పోర్ట్‌ఫోలియో చూస్తే 51 కంపెనీలు ఉన్నాయి. నిఫ్టీ 50 ఫండ్‌లో 51 ఏంటని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే సరిగ్గా చెప్పలేదు. అదేంటో ఎవరికైనా తెలుసా?

బేగంపేట బ్రిడ్జి
12 అక్టోబర్, సాయంత్రం 4:00

తెలుసమ్మా, ఆ రోజులు మర్చిపోలేను. అది జియో ఫైనాన్షియల్. మీ ప్రశ్న ఈ చర్చకి చాలా ముఖ్యం.

రిలయన్స్ నుంచి ఆ వ్యాపారాన్ని విడదీసినప్పుడు, రిలయన్స్ షేరున్న ప్రతి ఒక్కరికీ ఒక జియో ఫైనాన్షియల్ షేరు వచ్చింది. ఇండెక్స్ ఫండ్లకీ వచ్చింది. 2023 జులై 20న ప్రత్యేక సెషన్ పెట్టి దాని ధర 261.85 అని తేల్చారు. లిస్టయ్యేదాకా సూచీలో ఉంచి, లిస్టయిన కొద్ది రోజులకి తీసేయాలన్నది నిబంధన. అందుకే మీ ఫండ్‌లో 51, సెన్సెక్స్ ఫండ్లలో 31.

ఆగస్టు 21న లిస్టయింది. తీసేసే రోజు ఫండ్లన్నీ అమ్మి తీరాలని అందరికీ తెలుసు. మొదటి నాలుగు రోజులూ 5 శాతం చొప్పున లోయర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకి ధర ఇక తగ్గనివ్వని హద్దు. 265 దగ్గర మొదలైంది నాలుగో రోజుకి 216 దగ్గరికి వచ్చింది. లోయర్ సర్క్యూట్‌లో కొనేవాడు ఉండడు, ఫండ్లు అమ్మాలన్నా అమ్మలేవు. దాంతో తీసేసే తేదీని వాయిదా వేశారు, మళ్లీ వేశారు. ఆ పది రోజుల్లో ఆ కంపెనీ వ్యాపారంలో ఏమీ మారలేదు. ఒక్క పైసా లాభం తగ్గలేదు. కేవలం ఒక గుంపు అమ్మక తప్పదన్న ఒక్క విషయం ధరని అయిదో వంతు దాకా కిందికి లాగింది. సెప్టెంబర్ మొదటివారానికి తీసేయడం పూర్తయింది.

2025 మార్చి 28న అదే షేరు జొమాటోతో పాటు నిఫ్టీ 50లోకి వచ్చింది. బ్రిటానియా, బీపీసీఎల్ పోయాయి. 2023లో అమ్మక తప్పని ఫండ్లే 2025లో కొనక తప్పలేదు. రెండుసార్లూ ఫండ్ మేనేజర్ అభిప్రాయం ఎవరూ అడగలేదు.

నానక్‌రామ్‌గూడ నైట్ షిఫ్ట్
12 అక్టోబర్, సాయంత్రం 4:35

ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. దీంతో పాటు చెప్పుకోవాల్సింది టెస్లా. 2020 నవంబర్ 16న అమెరికా సూచీ ఎస్ అండ్ పీ 500లోకి తీసుకుంటామన్నారు, డిసెంబర్ 21న చేర్చారు. ఆ మధ్యలో షేరు సుమారు 70 శాతం పెరిగింది. అయితే నిజాయితీగా ఇంకో సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో 1990లలో ఎస్ అండ్ పీ 500లో చేరే షేరుకి సగటున 7.4 శాతం అదనపు లాభం ఉండేదని, గత దశాబ్దంలో అది 1 శాతం లోపుకి పడిపోయిందని హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు లెక్కగట్టారు. ఇండెక్స్ ఫండ్లు ఎన్నో రెట్లు పెరిగాయి, ప్రభావం మాత్రం తగ్గింది. ముందే ఊహించేవాళ్లు ఎక్కువైపోయారు. టెస్లా లాంటివి అరుదు, అందుకే కథలుగా మిగిలాయి.

హిమాయత్‌నగర్ పాత వీధి
12 అక్టోబర్, రాత్రి 8:15

పిల్లలందరూ ఇంత శ్రద్ధగా రాస్తుంటే చదవడం సంతోషంగా ఉంది. నేను మన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీ నడుస్తున్న రోజుల్లో ఒక సబ్‌బ్రోకర్ దగ్గర గుమాస్తాగా చేరాను. 2007లో ఆ ఎక్స్ఛేంజీ గుర్తింపు పోయింది, మేం మాత్రం కంప్యూటర్ల ముందు కూర్చుని ఎన్ఎస్ఈ టెర్మినల్ మీద పని కొనసాగించాం.

2009 జనవరి 7. బుధవారం. కంపెనీ లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ సత్యం రామలింగరాజు గారు రాసిన ఉత్తరం బయటికి వచ్చిన పొద్దున. ముందురోజు 179 దగ్గర ముగిసిన షేరు సాయంత్రానికి 40 దగ్గర ఉంది. మా ఆఫీసులో మొత్తం ఆరు కుర్చీలు. ఆ రోజు మెట్ల మీద కూడా జనం కూర్చున్నారు. ఒకాయన తన కాంట్రాక్ట్ నోట్లు, అంటే షేర్లు కొన్న రసీదులు, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొచ్చి, ఒక్కొక్కటి తీసి తేదీ చదివి, మళ్లీ లోపల పెట్టుకుంటూ ఉన్నారు. అమ్మమని చెప్పలేదు, ఉంచమని చెప్పలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజు సత్యం నిఫ్టీలో ఉంది. ఇండెక్స్ ఫండ్ల దగ్గరా సత్యం ఉంది. కొన్ని రోజుల తర్వాత సూచీ నుంచి తీసేశారు. ధర పోయింది ఉత్తరం వల్ల. సూచీ నుంచి తీసేయడం ఆ తర్వాత వచ్చిన తంతు. మొన్నటి ఇండస్ఇండ్ బ్యాంక్ కూడా అంతే. డెరివేటివ్ లెక్కల్లో తేడా ఉందని బయటపడి 2025 మార్చి 11న ఒక్కరోజులో 27 శాతం పడింది. నిఫ్టీ నుంచి పోయింది సెప్టెంబర్ 30న. ఆరు నెలల తర్వాత. పడింది కాబట్టి తీసేశారు, తీసేశారు కాబట్టి పడలేదు.

ట్రెంట్ కూడా అంతే నాయనా. బాగా పెరిగి పెరిగి, సైజు పెద్దదయింది కాబట్టే నిఫ్టీలోకి వచ్చింది. దివీస్ కొంతకాలం వెనకబడింది కాబట్టే బయటికి పోయింది. సూచీ వెనక నడుస్తుంది, ముందు నడవదు.

వనస్థలిపురం లెక్కల సార్
12 అక్టోబర్, రాత్రి 8:50

పెద్దాయన మాటకి ఒక్క విషయం కలుపుతాను. మియాపూర్ బాబుకి టెలిగ్రామ్ గ్రూపు చెప్పని ఇంకో సగం ఇది. నిఫ్టీ 50 నుంచి పోయిన దివీస్ గాల్లో కలిసిపోలేదు. అదే రోజు నిఫ్టీ నెక్స్ట్ 50లోకి, అంటే ఆ తర్వాతి 50 కంపెనీల సూచీలోకి, వెళ్లింది. నిఫ్టీ 50లో అది దాదాపు అట్టడుగు వెయిటేజీ ఉన్న కంపెనీ. నెక్స్ట్ 50లో అదే కంపెనీ పెద్దవాటిలో ఒకటి. అంటే ఒక గుంపు ఫండ్లు అమ్ముతుంటే ఇంకో గుంపు ఫండ్లు కొన్నాయి. నిఫ్టీ 50 ఫండ్ల డబ్బు చాలా ఎక్కువ కాబట్టి నికరంగా అమ్మకమే ఉండొచ్చు, కానీ "అందరూ అమ్ముతారు" అన్నది తప్పు. ట్రెంట్ విషయంలో తిరగేసి చూడండి. నిఫ్టీ 50 ఫండ్లు కొంటుంటే నెక్స్ట్ 50 ఫండ్లు అదే సాయంత్రం దాన్ని అమ్మాయి.

మియాపూర్ చివరి స్టేషన్
12 అక్టోబర్, రాత్రి 10:10

సార్, ఇది నాకు అస్సలు తెలియదు. ఏడాది నుంచి ఒక్కరు కూడా చెప్పలేదు. ట్రెంట్ అమ్మకాల వృద్ధి నెమ్మదించిందని ఆ త్రైమాసిక ఫలితాల్లోనే ఉందట, దివీస్ ఆర్డర్లు పెరిగాయని వాళ్ల ఫలితాల్లో ఉందట. నిన్న రాత్రి కూర్చుని చదివాను. అవి చదవకుండా తేదీల లెక్క ఒక్కటే పట్టుకున్నాను.

ఇంకో చిన్న ప్రశ్న. నాకు జీతంలో పీఎఫ్ కట్ అవుతుంది. అది కూడా ఇండెక్స్ ఫండ్లలోకి వెళ్తుందని మా ఆఫీసులో ఒకరు అన్నారు. నిజమేనా?

నానక్‌రామ్‌గూడ నైట్ షిఫ్ట్
12 అక్టోబర్, రాత్రి 10:40

నిజమే. ఈపీఎఫ్ఓ 2015 ఆగస్టు నుంచి కొత్తగా వచ్చే డబ్బులో కొంత భాగాన్ని ఈటీఎఫ్‌లలో, అంటే ఎక్స్ఛేంజీలో షేర్లలా కొని అమ్మే ఫండ్లలో, పెడుతోంది. మొదట 5 శాతం, తర్వాత 10, 2017 నుంచి 15. నిఫ్టీ, సెన్సెక్స్ ఈటీఎఫ్‌లే ప్రధానం. కాబట్టి మీరు 2024 సెప్టెంబర్ 27 సాయంత్రం పీఎఫ్ ఖాతా ద్వారా కూడా ట్రెంట్ కొన్నారు, దివీస్ అమ్మారు. మీరూ, నేనూ, ఈ ఊళ్లో పీఎఫ్ కట్ అయ్యే ప్రతి ఒక్కరూ.

దీర్ఘకాలంలో ఇండెక్స్ ఫండ్ల వాటా పెరిగితే నాకున్న అసలు చింత ధర గురించి కాదు, అజమాయిషీ గురించి. యాక్టివ్ మేనేజర్‌కి కంపెనీ యాజమాన్యం నచ్చకపోతే షేరు అమ్మేసి వెళ్లిపోతాడు, ఆ భయం యాజమాన్యానికి ఉంటుంది. ఇండెక్స్ ఫండ్‌కి ఆ దారి లేదు. మిగిలింది ఓటు ఒక్కటే. పాసివ్ పథకాలతో సహా మ్యూచువల్ ఫండ్లు వాటాదారుల తీర్మానాల మీద ఓటు వేసి తీరాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021లో ఆదేశించింది. ఫండ్ హౌస్ వెబ్‌సైట్లో ఆ ఓట్ల వివరాలు ఉంటాయి. ఎన్ని వ్యతిరేక ఓట్లు పడ్డాయో చూడండి. నేను ప్రతి మూడు నెలలకీ చూస్తాను.

కేపీహెచ్‌బీ ఆరో ఫేజ్
13 అక్టోబర్, ఉదయం 7:20

ఆ ఓట్ల ఫైలు ఇప్పుడే డౌన్‌లోడ్ చేశాను. నా డబ్బు మీద ఇన్ని ఓట్లు పడుతున్నాయని ఐదేళ్లలో ఒక్కసారి కూడా తెలియలేదు. మెల్లగా చదువుతాను. అర్థం కానివి ఇక్కడే అడుగుతాను.

మియాపూర్ చివరి స్టేషన్
13 అక్టోబర్, రాత్రి 9:30

నాన్నకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. హిమాయత్‌నగర్ పెద్దాయన రాసిన ప్లాస్టిక్ కవరు దగ్గర ఆపమన్నారు, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి పాత డైరీ తెచ్చి స్కేలు పెట్టి గడులు గీశారు. ప్రకటన రోజు ధర, అమలు రోజు ధర, ఆరు నెలల తర్వాత ధర. ఇండిగో, మ్యాక్స్ హెల్త్‌కేర్, హీరో మోటోకార్ప్, ఇండస్ఇండ్ అని నాలుగు వరుసలు రాసుకున్నారు. డబ్బు పెట్టరట, చూస్తారట. దివీస్ మళ్లీ కొందామా అని అడిగితే ముందు వార్షిక నివేదిక ప్రింట్ తీసుకురా అన్నారు.

వనస్థలిపురం లెక్కల సార్
13 అక్టోబర్, రాత్రి 9:55

నాలుగో గడి కూడా గీయమనండి. ఆ ఆరు నెలల్లో కంపెనీ లాభం ఎంత మారిందో.

మియాపూర్ చివరి స్టేషన్
13 అక్టోబర్, రాత్రి 10:05

పేజీలో చోటు లేదన్నారు సార్. ఎదుటి పేజీ మీదకి గీత పొడిగించారు. మార్చి చివరికి ఆరు నెలలు నిండుతాయి, అంకెలు ఇక్కడే పెడతాను.